ఇంప్లాంట్ పళ్లతో నమలడం మళ్లీ ఎలా నేర్చుకోవాలి

పోయిన పన్ను చోట ఇంప్లాంట్ (దవడ ఎముకలో నాటే టైటానియం వేరు) పెట్టించుకుని, దాని మీద క్యాప్ (పన్ను ఆకారపు తొడుగు) బిగించుకుని ఇంటికి వచ్చిన మనిషిని మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చుట్టపక్కాలు మొదట అడిగేది ఒకటే: "ఇగ బొక్క కొరుకొచ్చునా?" ఈ ప్రశ్నకు రెండు జవాబులు ఉన్నాయి. కొరికే బలం చాలావరకు తిరిగి వస్తుంది. కానీ ఎంత బలంతో కొరుకుతున్నామో, పళ్ల మధ్యన ఉన్నది మెత్తనిదో గట్టిదో చెప్పే స్పర్శ మాత్రం పాత పన్నుతోనే పోయింది, అది మునుపటి రూపంలో తిరిగి రాదు. నాకు కింది దవడలో కుడివైపున రెండు ఇంప్లాంట్లు ఉన్నాయి. క్యాప్‌లు బిగించిన మొదటి వారంలో జొన్న రొట్టె తింటూ, నేను నములుతున్నది రొట్టెనో, దానిలోని రాయినో తెలియక ఆగిపోయిన రోజు నాకు బాగా గుర్తుంది. బలం వచ్చినంత త్వరగా స్పర్శ రాదనీ, ఆ లోటును నాలుకతో, చెవితో, దవడ కండరాలతో పూడ్చుకోవడం అభ్యాసంతోనే అలవడుతుందనీ ముందే తెలిసి ఉంటే నేను అంత కలవరపడేవాణ్ని కాదు. ఇది మీకు ముందే తెలియాలన్నదే నా కోరిక.

మొదట, ఏది మారిందో అర్థం చేసుకోండి

సహజమైన పన్ను ఎముకలో నేరుగా నాటుకుని ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం గల ఒక పొర ఉంటుంది. సన్నని నారలతో అల్లుకున్న ఈ పొర పంటిని పరుపులా మోస్తుంది. ఈ పొర నిండా ఒత్తిడిని పసిగట్టే నాడీ తంత్రుల కొసలు ఉంటాయి. నమిలేటప్పుడు పన్ను 25 నుంచి 100 మైక్రాన్ల వరకు లోపలికి దిగి మళ్లీ పైకి వస్తుంది, ఆ చిన్న కదలికనే నాడులు మెదడుకు చేరవేస్తాయి. (ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.) అన్నంలో రాయి తగిలిన మరుక్షణం మనం ఆలోచించక ముందే దవడ తెరుచుకోవడానికి ప్రధాన కారణం ఈ పొరే.

ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. స్వీడన్ పరిశోధకుడు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1952లో కుందేళ్ల ఎముకపై పరిశోధన చేస్తుండగా టైటానియం ఎముకతో విడదీయరానంతగా కలిసిపోతుందని గమనించారు. 1965లో తొలిసారిగా ఒక మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్లను అమర్చారు. ఆ పటిష్ఠమైన అతుకే ఇంప్లాంట్ బలం, స్పర్శ విషయంలో దాని లోటు కూడా అదే. నమిలేటప్పుడు ఇంప్లాంట్ కదిలేది మూడు నుంచి ఐదు మైక్రాన్లు మాత్రమే.

ఈ తేడా ఎంతటిదో కొలిచిన వాళ్లు ఉన్నారు. 1995లో వెలువడిన ఒక అధ్యయనంలో సహజ దంతాలు సగటున 11.5 గ్రాముల ఒత్తిడిని గుర్తించగలిగితే, ఇంప్లాంట్లకు 100 గ్రాములకు పైగా అవసరమైంది. మందం విషయానికి వస్తే, పైనా కిందా సహజ దంతాలే ఉన్నవారు సుమారు 20 మైక్రాన్ల వస్తువును పళ్ల మధ్య పసిగడతారు. ఒకవైపు ఇంప్లాంట్, ఎదురుగా సహజ దంతం ఉంటే అది 50 మైక్రాన్లకు దగ్గరగా ఉంటుంది. కట్టుడు పళ్లతో 100 మైక్రాన్లు దాటుతుంది. మీరే పరీక్షించి చూడవచ్చు: ఒక తలవెంట్రుకను మీ సొంత పళ్ల మధ్య పెట్టి మెల్లగా నొక్కండి, వెంటనే తెలుస్తుంది. అదే వెంట్రుకను ఇంప్లాంట్ వైపు పెట్టండి. తెలియవచ్చు, తెలియకపోవచ్చు. తెలియకపోతే మీ ఇంప్లాంట్‌లో లోపం ఉన్నట్లు కాదు.

ఇంప్లాంట్‌తో ఏమీ తెలియదని కూడా అనుకోకండి. నొక్కినప్పుడు ఎముక పైపొరలోని నాడులు, దవడ కీలు, నమిలే కండరాలు, చిగురు, పెదవి, చివరికి ఎముక గుండా చెవికి చేరే చప్పుడు కూడా ఎంతో కొంత సమాచారం ఇస్తాయి. మనం చేయవలసింది ఈ ఆధారాలకు పదును పెట్టుకోవడం.

ఇంప్లాంట్ పెట్టించుకునే ముందు డాక్టరుకు చెప్పవలసినవి

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరునీళ్లు తాగి పెరిగిన వాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఫ్లోరైడ్‌ను నీటి నుంచి తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని జిల్లా పేరే స్థిరపడిందంటే మన ప్రాంతపు బాధ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఇంటికి కృష్ణా నీళ్లు వస్తున్నా, చిన్నప్పుడు తాగిన నీటి ప్రభావం పళ్ల మీదే కాక ఎముక మీద కూడా ఉండి ఉండవచ్చు. షుగర్, ఎముకల బలానికి వాడే మందులు, రాత్రి పళ్లు కొరికే అలవాటు, చుట్ట, బీడీ, గుట్కా, తంబాకు ఇవేవీ దాచకండి. పొగ తాగేవారిలో ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం ఎక్కువ. పళ్లు కొరికేవారి సంగతి మరింత ముఖ్యం, ఎందుకంటే ఇంప్లాంట్ మీద ఎంత బలం పడుతున్నా నిద్రలో ఆపేవారు ఎవరూ ఉండరు.

ఒక్క పన్ను కాకుండా దవడలో పళ్లన్నీ పోయిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, అన్ని పళ్లకూ ఇంప్లాంట్లు కావాలని అనుకోనక్కరలేదు. కింది దవడలో రెండు ఇంప్లాంట్లు పెట్టి వాటి మీద తీసిపెట్టుకునే కట్టుడు పళ్ల సెట్టును బిగించే పద్ధతి ఉంది. 2002లో కెనడాలోని మాంట్రియల్‌లో సమావేశమైన నిపుణులు, కింది దవడలో పళ్లేవీ లేని వారికి ఇదే మొదటి ఎంపికగా ఉండాలని ఏకాభిప్రాయానికి వచ్చారు. కదిలే సెట్టుతో అంబలికే పరిమితమైన ముసలివాళ్లకు ఇది పెద్ద ఊరట.

ఎముక అతుక్కునే నెలల్లో

కింది దవడలో సుమారు మూడు నెలలు, పై దవడలో ఆరు నెలల వరకు ఎముక ఇంప్లాంట్‌ను పట్టుకోవడానికి సమయం ఇవ్వడం సంప్రదాయ పద్ధతి. కొందరికి డాక్టరు ముందుగానే పన్ను బిగిస్తారు, అది మీ ఎముకను బట్టి వారు తీసుకునే నిర్ణయం. మొదటి వారం జొన్న గటక చల్లార్చి మజ్జిగతో, తైద అంబలి, మెత్తటి పప్పన్నం, పెరుగన్నం తినండి. ఆ తరువాత కూడా ఆ వైపు గట్టివి నమలకండి. ఈ దశలో నొప్పి లేకపోవడాన్ని నమ్మి బరువు వేస్తే ఎముక అతుకు కదిలిపోతుంది, అది కదులుతున్నట్లు మీకు తెలియదు.

ఒక హెచ్చరికను మాత్రం ఆలస్యం చేయకుండా గుర్తించాలి. కింది దవడలో ఇంప్లాంట్ పెట్టిన రోజున పెదవి, గడ్డం మొద్దుబారడం మత్తు మందు వల్లనే. అది కొన్ని గంటల్లో పోవాలి. మర్నాడు ఉదయానికి కూడా పెదవి మొద్దుగానో, చీమలు పాకినట్లుగానో ఉంటే, దవడ లోపల నడిచే నాడి మీద ఒత్తిడి పడుతూ ఉండవచ్చు. ఇది ఇంప్లాంట్‌కు సహజంగా ఉండే స్పర్శ లోటు కాదు, నాడికి జరిగే హాని. ఆ రోజే డాక్టరుకు ఫోను చేయండి. "రెండు వారాలు చూద్దాం" అని ఇంట్లో వాళ్లు అన్నా ఆగవద్దు. మొదటి ఒకటి రెండు రోజుల్లో సరిచేస్తే నాడి కోలుకునే అవకాశం ఎక్కువ.

క్యాప్ బిగించిన రోజు

క్యాప్ బిగించాక డాక్టరు ఒక రంగు కాగితాన్ని పళ్ల మధ్య పెట్టి "కొరకండి" అంటారు. అది తొందరగా ముగించే పని కాదు. సొంత పన్ను మీద క్యాప్ కాస్త ఎత్తుగా ఉంటే నోరు మూసిన మొదటి క్షణంలోనే మీకు తెలిసి చెబుతారు. ఇంప్లాంట్ మీద అదే ఎత్తు మీకు తెలియకపోవచ్చు, తెలియకుండానే ప్రతి ముద్దకూ ఆ ఒక్కచోటే బరువంతా పడుతుంది. అందుకే కాగితం మీద పడే గుర్తును మీ మాట కంటే ఎక్కువగా నమ్మాలి. గట్టిగా నొక్కినప్పుడు సొంత పళ్లు కొద్దిగా లోపలికి దిగుతాయి, ఇంప్లాంట్ దిగదు. కాబట్టి మెల్లగా మూసినప్పుడు ఇంప్లాంట్ మీద చాలా తక్కువగానో, అసలు తగలకుండానో ఉండేలా, గట్టిగా నొక్కినప్పుడు మాత్రమే సమానంగా తగిలేలా డాక్టరు సరిచేస్తారు. "ఆ పన్ను సరిగా అందడం లేదు" అనిపించి దాన్ని పెంచమని మీరు అడగవద్దు. మీరు చేయవలసింది మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి, దవడను పక్కలకు జరిపి ఒకసారి కొరికి చూపించడం, కుర్చీలో వెనక్కి వాలినప్పుడు మాత్రమే కాక నిటారుగా కూర్చుని కూడా చూపించడం. రెండు వారాల తరువాత మళ్లీ ఒకసారి కాగితం పెట్టి చూడమని అడగండి. అంతవరకు నమిలే తీరు మారుతూనే ఉంటుంది.

పల్లీ బద్దతో అభ్యాసం

1998లో స్వీడన్‌లో ఒక పరిశోధనలో జనానికి వేరుశనగ గింజ ఇచ్చి, దాన్ని విరగకుండా ముందు పళ్ల మధ్య పట్టుకుని, తరువాత కొరకమన్నారు. సొంత పళ్లు ఉన్నవారు దాన్ని 100 గ్రాముల బరువు కంటే తక్కువ ఒత్తిడితో, ప్రతిసారీ దాదాపు ఒకే తీరున పట్టుకోగలిగారు. ఇంప్లాంట్లపై బ్రిడ్జి (కొన్ని పళ్లను కలిపి చేసిన తొడుగు) ఉన్నవారూ, కట్టుడు పళ్లవారూ అవసరాన్ని మించి నొక్కారు, ఒక్కోసారి ఒక్కోలా నొక్కారు. నమిలేటప్పుడు కూడా, సొంత పళ్లవారు పదార్థం గట్టిదైతే వెంటనే కండరాల శక్తిని దానికి తగ్గట్టు మార్చుకుంటారు, ఇంప్లాంట్లు ఉన్నవారిలో ఆ సర్దుబాటు అంత చక్కగా జరగదని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

ఆ పరీక్షనే మీ అభ్యాసంగా మార్చుకోండి. పల్లీలకు మన పాలమూరులో కొరత లేదు. మొదటి పది రోజులు ఉడకబెట్టిన పల్లీలతో, తరువాత వేయించి పొట్టు తీసిన వాటితో చేయండి. నిటారుగా కూర్చుని, టీవీ ఆపి, కళ్లు మూసుకోండి. పల్లీని రెండు బద్దలుగా విడదీసి, ఒక బద్దను ముందుగా సొంత పళ్లున్న వైపు పెట్టి, విరగకుండా ఐదు అంకెలు లెక్కపెట్టే వరకు పట్టుకోండి. దవడ కండరం ఎంత కొంచెంగా బిగుసుకుందో చెంప మీద వేలు పెట్టి గమనించండి. ఆ తరువాత మెల్లగా ఒత్తిడి పెంచి విరగగొట్టండి. ఇప్పుడు అదే పని ఇంప్లాంట్ వైపు చేయండి. మొదట్లో పట్టుకోబోయేలోగానే బద్ద పటుక్కున విరిగిపోతుంది. నాకు మొదటి నాలుగు రోజులు ప్రతిసారీ అలాగే జరిగింది. చెంప మీద వేలు ఉంచి, సొంత పళ్ల వైపు ఎంత బిగువు తెలిసిందో అంతే బిగువు ఇక్కడా తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తే క్రమంగా చేయి, కండరం, చెవి కలిసి పని నేర్చుకుంటాయి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. మింగడంలో ఇబ్బంది ఉన్నవారు, పక్షవాతం వచ్చినవారు ఈ అభ్యాసం చేయకూడదు, గింజ గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది.

మన తిండిని ఏ వరుసలో తిరిగి మొదలుపెట్టాలి

ముందుగా అన్నం, ఉడికిన కూరగాయలు, పెసర గుడాలు, బొబ్బెర గుడాలు తినండి. ముద్ద చిన్నదిగా ఉండాలి, రెండు వైపులా సమానంగా నమలాలి. పన్ను పోయినప్పటి నుంచి ఒకవైపే నమిలిన అలవాటు చాలామందికి ఏళ్ల తరబడి ఉంటుంది, ఇంప్లాంట్ వచ్చినా నాలుక ముద్దను పాత వైపుకే తోస్తుంది. దాన్ని గమనించి కావాలనే కొత్త వైపుకు తిప్పాలి.

జొన్న రొట్టె గురించి కాస్త విడమరిచి చెప్పాలి. గోధుమ చపాతీలా ఇది సాగదు, పొడిపొడిగా విరిగి నోట్లో నలువైపులా చెదురుతుంది. పెనం మీది నుంచి దిగిన వేడి రొట్టె మధ్య భాగం మెత్తగానే ఉంటుంది, అంచులు మాత్రం గట్టిపడతాయి. మొదటి నెలలో అంచులు వదిలి మధ్య భాగాన్ని పప్పులోనో, పులుసులోనో నానబెట్టి తినండి. రెండో నెలలో వేడి రొట్టెను తుంచి నేరుగా తినండి. పొద్దున చేసి సాయంత్రానికి బిరుసెక్కిన రొట్టెను పాలల్లో నానబెట్టుకోవడమే మేలు. చెదిరిన పిండి ఇంప్లాంట్ పక్కన చిగురు మీద పేరుకుంటుంది, అది తగులుతున్నట్లు తెలియదు కనుక తిన్నాక నాలుకతో ఒకసారి చుట్టూ తడిమి, నీళ్లతో పుక్కిలించండి.

అన్నిటికంటే రాయి ప్రమాదకరం. సొంత పన్నుకు రాయి తగిలితే దవడ తనంతట తాను ఆగుతుంది. ఇంప్లాంట్ వైపు ఆ ఆగడం ఆలస్యమవుతుంది, ఆ క్షణంలోనే క్యాప్ మీది పింగాణీ అంచు లేచిపోతుంది. కాబట్టి ఇంట్లో ఇంప్లాంట్ ఉన్న మనిషి ఉంటే జొన్నలు చాటలో చెరిగి, రాళ్లు ఏరి, కడిగి ఎండబోశాకే గిర్నికి పంపండి. బియ్యం, కందిపప్పు గాలించి పొయ్యి మీద పెట్టండి. పాతకాలపు మనిషి చాదస్తంగా కనిపించే ఈ పని ఇక్కడ నిజంగా వేల రూపాయల పన్నును కాపాడుతుంది.

మటన్‌కు మూడో నెల వరకు ఆగండి. నారలను అడ్డంగా కోసిన చిన్న ముక్కలు, కుక్కర్‌లో బాగా ఉడికినవి తినండి. కైమా అయితే ముందే మొదలుపెట్టవచ్చు. ఇక నల్లి బొక్క. మూలుగును పీల్చుకోండి, కంచం అంచుకు కొట్టి రాల్చుకోండి, పళ్లతో మాత్రం పగలగొట్టవద్దు, ఎన్నేళ్లయినా సరే. మొదట చెప్పిన ప్రశ్నకు నా జవాబు ఇదే. బొక్కను విరిచే బలం ఇంప్లాంట్‌కు ఉండవచ్చు, ఎక్కడ ఆపాలో చెప్పే స్పర్శ దానికి లేదు.

సంక్రాంతికి సకినాలు వస్తాయి. చేతితో విరిచి, పెసరగింజంత ముక్కలు కాకపోయినా వేలి గోరంత ముక్కలుగా వెనక పళ్ల మీద పెట్టుకుని తినవచ్చు. సర్వపిండి అడుగు మాడి గట్టిపడిన చోటును వదిలేయండి. మక్క కంకిని ముందు పళ్లతో గీకకుండా గింజలు ఒలుచుకోండి. వక్క జోలికి మాత్రం పోకండి.

నమలడం మెరుగైందో లేదో చూసుకునే తీరు

నమిలే సామర్థ్యాన్ని కొలవడానికి 1950లోనే పరిశోధకులు పల్లీలను నమిలించి జల్లెడ పట్టారు. మీరూ నెలకోసారి చేయండి. ఐదారు వేయించిన పల్లీలు నోట్లో వేసుకుని ఇరవై సార్లు నమిలి, మింగకుండా టీ వడపోసే జాలీలో ఉమ్మి, నీళ్లు పోయండి. జాలీ మీద ఎంత మిగిలిందో, ముక్కలు ఎంతెంత ఉన్నాయో రాసి పెట్టుకోండి. సొంత పళ్ల వైపు ఒకసారి, ఇంప్లాంట్ వైపు ఒకసారి చేస్తే తేడా కళ్లకు కనబడుతుంది. నెలనెలా జాలీ మీద మిగిలేది తగ్గాలి. ఉన్నట్టుండి పెరిగితే, క్యాప్ వదులైందేమో చూపించుకోండి.

రుచి విషయంలో చాలామంది అనవసరంగా భయపడతారు. రుచి నాలుకది, వాసన ముక్కుది, పంటిది కాదు. పై అంగిలిని కప్పే కట్టుడు సెట్టు పోయి, అంగిలిని తెరిచి ఉంచే ఇంప్లాంట్ పళ్లు వచ్చినవారికైతే చింత తొక్కు నోట్లో ఎలా తగులుతుందో, చాయ్ ఎంత వేడిగా ఉందో మునుపటి కంటే బాగా తెలుస్తుంది.

నొప్పి చెప్పదు, కళ్లతో చూడాలి

ఇంప్లాంట్‌లో నాడి లేదు కనుక చల్లటి నీళ్లకు జివ్వుమనదు, పుచ్చిపోదు. దీన్ని సౌకర్యంగా భావించి నిర్లక్ష్యం చేసినవారికే ఎక్కువ నష్టం జరుగుతుంది. చుట్టూ ఉన్న చిగురు వాచి, లోపల ఎముక కరిగిపోతున్నా నొప్పి ఆలస్యంగా వస్తుంది. వారానికోసారి అద్దంలో చూసుకోండి. బ్రష్ చేసినప్పుడు రక్తం, చిగురు ఎర్రబారడం, నొక్కితే చీము, దుర్వాసన, నమిలితే టక్కుమనే చప్పుడు, క్యాప్ కొంచెం తిరిగినట్లు అనిపించడం, వీటిలో ఏది కనిపించినా నొప్పి కోసం ఎదురుచూడకుండా వెళ్లండి. క్యాప్ కదిలితే చాలాసార్లు లోపలి స్క్రూ వదులైనదే అయి ఉంటుంది, బిగిస్తే సరిపోతుంది. దానితో అలాగే నమిలితే స్క్రూ విరుగుతుంది, విరిగిన ముక్కను తీయడం కష్టం. వేపపుల్ల అలవాటున్న వాళ్లు సొంత పళ్లకు వాడుకోండి, ఇంప్లాంట్ చుట్టూ మాత్రం మెత్తటి బ్రష్‌తో, పళ్ల సందుల్లో దూరే సన్నని బ్రష్‌తో శుభ్రం చేయండి. ఆరు నెలలకోసారి చూపించుకోండి. నార్కట్‌పల్లిలోనూ మహబూబ్‌నగర్‌లోనూ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి కనుక ప్రతిదానికీ హైదరాబాద్ బస్సు ఎక్కనక్కరలేదు.

ఇంకొక పని ఇప్పుడే చేయండి. మీ ఇంప్లాంట్ ఏ కంపెనీది, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏ తేదీన పెట్టారు అన్న వివరాలున్న కార్డును డాక్టరు నుంచి అడిగి తీసుకుని, ఫోటో తీసి, ఇంట్లో పిల్లల ఫోన్లలో కూడా పెట్టండి. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో రకం స్క్రూడ్రైవర్ కావాలి. ఎనిమిదేళ్ల తరువాత పెళ్లి దావత్‌లో భోజనం చేస్తుండగా క్యాప్ ఊగితే, ఆ ఊళ్లోని డాక్టరు మొదట అడిగేది ఆ కార్డునే.